రంగు క్లయింటు ఫోల్డర్‌కి కాదు తమ్ముడూ, పని ఎక్కడిదాకా వచ్చిందో దానికి

ప్రశ్న ఒకసారి చిన్నగా మళ్ళీ చెప్తా, ఇది మాత్రమే చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. చిత్తూరులో ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పనిచేసే తమ్ముడు అడిగింది ఇదీ: ఆఫీసు కంప్యూటర్లో 180 మంది క్లయింట్ల ఫోల్డర్లున్నాయి, అన్నీ ఒకేలా పసుప్పచ్చగా ఉంటాయి, పోయిన నెల ఒకాయన బిల్లులు ఇంకొకాయన ఫోల్డర్లో పడిపోయి సార్ దగ్గర చీవాట్లు తిన్నాడు. అందుకని ఇప్పుడు ఒక్కో క్లయింటుకి ఒక్కో రంగు, ఒక్కో బొమ్మ పెట్టుకుందామనుకుంటున్నాడు. దానికి ఏ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే మంచిదీ అని.

ముందు జవాబు చెప్పేస్తా. సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, విండోస్‌లోనే ఉంది. కానీ ఒక్కో క్లయింటుకి ఒక్కో రంగు మాత్రం పెట్టొద్దు. 180 రంగులు నీ కంటికి గుర్తుండవు, పది దాటితేనే గుర్తుండవు. క్లయింటు ఎవరో చెప్పే పని ఫోల్డర్ పేరుది. రంగు చెప్పాల్సింది వేరే, ఆ పని ఎక్కడిదాకా వచ్చిందీ అని. ఆ లెక్కన నీకు నాలుగు రంగులు చాలు, ఇంకో ఒకటో రెండో హెచ్చరిక బొమ్మలు. అంతే.

ఇంతకీ నేనెవర్ని అంటే, తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో డీటీపీ, ఫ్లెక్సులు, పెళ్ళి పత్రికల షాపు. 22 ఏళ్ళయింది. ముహూర్తాలున్న నెలల్లో రోజుకి పదీ పదిహేను పత్రికలు నడుస్తుంటాయి, గంగమ్మ జాతర వస్తే ఫ్లెక్సులు, ఎన్నికలొస్తే ఇక చెప్పొద్దు. మూఢం వచ్చినప్పుడు మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో కూర్చుని ఫోల్డర్లు సర్దుకుంటా. కాబట్టి ఈ విషయంలో తప్పులన్నీ నేను ముందే చేసి పెట్టాను.

నువ్వు చేద్దామనుకుంటున్న తప్పు కూడా చేశా. మొదట్లో పెళ్ళి పత్రికలకి గులాబీ రంగు, గృహప్రవేశాలకి ఆకుపచ్చ, విజిటింగ్ కార్డులకి నీలం, పార్టీల ఫ్లెక్సులకి ఆయా పార్టీల రంగు, ఇట్లా పద్నాలుగు రంగులు వేశాను. చూడ్డానికి స్క్రీన్ రంగుల రాట్నంలా ఉండేది. షాపుకొచ్చినవాళ్ళు కూడా బాగుందన్నా అనేవాళ్ళు. ఆ సీజన్లోనే దెబ్బ తగిలింది. ఒక పెళ్ళి పత్రికలో ముహూర్తం ఉదయం 9.18 అని కొట్టాం, అమ్మాయి వాళ్ళ నాన్నగారు వచ్చి పంతులుగారు 9.48 అని మార్చారని చెప్పారు, మార్చాం, ప్రూఫ్ చూపించాం, సరేనన్నారు. ప్రింటుకి పోయింది మాత్రం పాత ఫైలు. 500 కార్డులు. ఎందుకంటే ఆ గులాబీ ఫోల్డర్ లోపల "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఫైనల్", "అమ్మాయి వాళ్ళు చెప్పింది" అని నాలుగు ఫోల్డర్లున్నాయి, నాలుగూ పసుపు. మా కుర్రాడు "ఫైనల్ ఫైనల్" తీశాడు. వాడి తప్పు ఏముంది, నేనైనా అదే తీసేవాణ్ణి. మొత్తం మా ఖర్చుతో మళ్ళీ కొట్టిచ్చాం.

ఆ రాత్రి షట్టర్ దించి కూర్చుంటే తట్టింది. ఇది పెళ్ళి పత్రిక అని నాకు రంగు చూస్తే గానీ తెలియదా? పేరులోనే ఉంది కదా. నాకు తెలియనిదల్లా ఏది ప్రింటుకి పోవచ్చు, ఏది పోకూడదు అన్న ఒక్కటే, దానికి రంగు వెయ్యలేదు. తెలిసినదానికి వేసి, తెలియనిదాన్ని వదిలేశా.

సరే, నీ సంగతికొద్దాం. ముందు పేర్లు. రంగుల కన్నా ఇదే పెద్ద పని, ఇది చెయ్యకుండా రంగు వేస్తే గోడ పూయకుండా సున్నం కొట్టినట్టే.

మన జిల్లాల్లో ఒక గొడవుంది, బయటివాళ్ళకి ఇది చెప్పినా అర్థం కాదు. నీ 180 ఫోల్డర్లలో ఎన్ని "శ్రీ"తో మొదలవుతాయో ఒకసారి లెక్కపెట్టు. శ్రీ వేంకటేశ్వర ట్రేడర్స్, శ్రీ బాలాజీ ఎంటర్‌ప్రైజెస్, శ్రీ పద్మావతి ఏజెన్సీస్, శ్రీ వేంకటేశ్వర రైస్ మిల్, మళ్ళీ శ్రీ వేంకటేశ్వర ట్రేడర్సే, కాకపోతే వేరే ఊరు. కొండ కింద బతికేవాళ్ళం, స్వామి పేరు పెట్టుకోకుండా షాపు తెరవం కదా. చిత్తూరు వైపయితే దీనికి తోడు వినాయకుడి పేర్లు, కాణిపాకం పక్కనే ఉంది మరి. నీ బిల్లులు తప్పు ఫోల్డర్లో పడ్డది కూడా ఇట్లాంటి రెండు పేర్ల మధ్యే అయ్యుంటుందని నా అనుమానం.

విండోస్‌లో ఫోల్డర్ల మీద ఉండగా పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు గబగబా టైప్ చేస్తే నేరుగా ఆ ఫోల్డర్ మీదికి దూకుతుంది, తెలుసు కదా. అన్నీ శ్రీతో మొదలైతే ఆ సుఖం పోయినట్టే. అందుకని ఫోల్డర్ పేర్లలో ముందున్న "శ్రీ" తీసెయ్, ఊరి పేరు ముందుకి తెచ్చుకో. స్వామివారేం అనుకోడు, బిల్లు మీద ఉంటుంది కదా. "పాకాల బాలాజీ ట్రేడర్స్", "పలమనేరు బాలాజీ ట్రేడర్స్" అని ఉంటే ఇక తప్పు జరగదు. ఒకే ఊళ్ళో ఇద్దరుంటే చివర్లో పాన్ నంబరులోని నాలుగు అంకెలు పెట్టు. పాన్‌లో ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి కదా, ఆ మధ్య నాలుగు. జీఎస్టీ నంబరులో కూడా 37 తర్వాత ఉండేది ఆ పానే కాబట్టి బిల్లు మీద నంబరు చూసి ఫోల్డర్ పేరుతో సరిపోల్చుకోవచ్చు. పేరు చూసి కాకుండా ఆ నాలుగు అంకెలు చూసి ఫైలు వెయ్యడం అలవాటు చేసుకుంటే నీ సగం టెన్షన్ పోతుంది. నిజంగా.

ఇప్పుడు రంగులు. ఇక్కడ ఇంకో చిక్కుంది. పని దశని బట్టి రంగు మార్చాలంటే నెలనెలా 180 ఫోల్డర్లకి రంగు మార్చుకుంటూ కూర్చోవాలా? ప్రతిదానికీ ప్రాపర్టీస్ తెరిచి, లోపలికి పోయి, ఐకాన్ ఎంచుకుని, ఓకే మీద ఓకే కొట్టి. మూడో రోజుకే మానేస్తావు. నేనూ మానేశా. అందుకే ఇప్పుడు చేసేది వేరు: రంగు గూటికి వేస్తా, గూట్లో పెట్టే వస్తువుకి వెయ్యను.

అంటే నా దగ్గర నాలుగే రంగు ఫోల్డర్లుంటాయి. "1 కొత్త పని", "2 ప్రూఫ్ చూపించాలి", "3 ఓకే అయింది, ప్రింటుకి", "4 ఇచ్చేశాం". ఒక్కో పత్రిక ఫోల్డర్ పసుపుగానే ఉంటుంది, అది ఒక గూటి నుంచి ఇంకో గూటికి మారుతుంది. ఫొటోలూ అన్నీ దాని లోపలే కాబట్టి మొత్తం కలిసి కదులుతుంది, ఒకే డ్రైవ్‌లో ఉంటే కదలడానికి క్షణం పట్టదు. ప్రింటుకి పోయేది మూడో గూట్లోంచే పోవాలి, వేరే గూట్లోంచి ఎవరూ తియ్యకూడదు, అంతే మా షాపు చట్టం. ఆ ముహూర్తం గొడవ మళ్ళీ రాలేదు.

నీకు ఇది నేరుగా పనికిరాదు, ఎందుకంటే క్లయింటు ఫోల్డర్ని కదిలిస్తే ఎక్సెల్ షీట్లలో లింకులుంటే తెగిపోతాయి, సార్ కూడా "క్లయింట్లు" అన్న చోటే వెతుకుతారు. నువ్వు షార్ట్‌కట్లు వాడు. అసలు ఫోల్డర్లు ఎక్కడున్నవి అక్కడే ఉండనీ. "ఈ నెల" అని ఒక ఫోల్డర్ పెట్టి, లోపల నాలుగు గూళ్ళు పెట్టు: "1 కాగితాలు రావాలి", "2 ఎంట్రీ", "3 సార్ చూడాలి", "4 ఫైల్ అయింది". క్లయింట్ల ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి, మౌస్ కుడి బటన్ పట్టుకుని లాక్కెళ్ళి ఒకటో గూట్లో వదులు. చిన్న మెనూ వస్తుంది, అందులో క్రియేట్ షార్ట్‌కట్స్ హియర్ అని ఉంటుంది. 180 షార్ట్‌కట్లు ఒక్కసారే తయారవుతాయి. ఇక కాగితాలు వచ్చిన క్లయింటు షార్ట్‌కట్‌ని రెండో గూట్లోకి, ఎంట్రీ అయితే మూడో దాంట్లోకి, అట్లా. నెల మొదట్లో నాలుగో గూట్లోవన్నీ కట్ చేసి ఒకటిలో పేస్ట్ చేస్తే మళ్ళీ కొత్త నెల మొదలు. 9వ తేదీ సాయంత్రం ఒకటో గూడు తెరిస్తే 11వ తేదీ జీఎస్టీఆర్-1 రిటర్నుకి ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులోనే కనిపిస్తుంది, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ రిటర్నుకి కూడా అంతే. రెండింటికీ వేరువేరు గూళ్ళు పెట్టుకోవాలంటే పెట్టుకో గానీ మొదటి నెలే వద్దు.

లాగేటప్పుడు ఒక జాగ్రత్త. ఎడమ బటన్‌తో లాగుతూ మధ్యలో చెయ్యి జారితే ఫోల్డర్ పోయి పక్క ఫోల్డర్లో దూరుతుంది, దూరినట్టు కూడా తెలియదు. క్లయింటు ఫోల్డర్ మాయమైంది అని నెట్ సెంటర్ల వాళ్ళు మొత్తుకునేవాటిలో చాలావరకు ఇవే. కంగారు పడకుండా వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టు, వెనక్కి వస్తుంది. అసలు లాగడం మానేసి కట్, పేస్ట్ చేసుకుంటే ఇంకా మంచిది.

రంగు ఎట్లా వెయ్యాలి అంటే: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో కస్టమైజ్ అనే ట్యాబ్, కింద చేంజ్ ఐకాన్. అక్కడ విండోస్ వాడి సొంత బొమ్మలు కొన్ని కనిపిస్తాయి, తాళం, నక్షత్రం, ఇట్లాంటివి. అవి షెల్32 అనే ఫైల్లోవి. ఇంకా కావాలంటే బ్రౌజ్ కొట్టి, సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32 లోపల ఇమేజ్‌రెస్ అనే డీఎల్ఎల్ ఫైలు ఎంచుకో, అందులో ఇంకా చాలా ఉన్నాయి. మళ్ళీ పసుపు కావాలంటే అదే చోట రీస్టోర్ డిఫాల్ట్స్. కానీ రంగురంగుల ఫోల్డర్లు మాత్రం విండోస్ ఇవ్వదు, ఆ బొమ్మలు ఐకో ఫైళ్ళుగా, అంటే ఐకాన్లకి వాడే బొమ్మ ఫైళ్ళుగా, మనమే తెచ్చుకోవాలి.

రంగులేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు నాలుగైదున్నాయి, రైట్ క్లిక్‌లోనే రంగుల పట్టీ చూపిస్తాయి, చెడ్డవని అనను. కానీ నేను వాడిన ఒకటి తన బొమ్మలన్నీ సీ డ్రైవ్‌లో దాచుకునేది. సిస్టమ్ పాడై సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టిన రోజు డీ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్లన్నీ తెల్లారేసరికి పసుపు. ఫైళ్ళేం పోలేదు, రంగులు పోయాయి. ఇంకొకటి ఇన్‌స్టాల్ చేస్తే దానితో పాటు బ్రౌజర్‌లో ఏదో సెర్చ్ పట్టీ వచ్చి కూర్చుంది. మీ ఆఫీసు కంప్యూటర్‌లో జనాల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి తమ్ముడూ, నాలుగు రంగుల కోసం ఎవడో ఇచ్చిన ప్రోగ్రామ్ అందులో వెయ్యకు.

ఐకో ఫైలు సొంతంగా చేసుకోవడం కష్టం కాదు. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 256 పిక్సెళ్ళ చదరంలో ఫోల్డర్ బొమ్మ గీసి రంగు నింపు, దాన్నే 48, 32, 16 పిక్సెళ్ళకి తగ్గించి వేరువేరు లేయర్లుగా పెట్టి ఐకోగా ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఒక్కో లేయరు ఒక్కో సైజుగా వెళ్తుంది. పీఎన్‌జీ ఫైలు పేరు చివర ఐకో అని మార్చేస్తే సరిపోదు, ఎక్స్‌పోర్టే చెయ్యాలి.

ఆ 16 పిక్సెళ్ళ సైజు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ పెద్ద సైజులో చూసి మురిసిపోతారు. ఆఫీసులో ఎవరూ పెద్ద ఐకాన్లు పెట్టుకుని పనిచెయ్యరు, డీటెయిల్స్ వ్యూలోనే ఉంటారు, అక్కడ బొమ్మ కందిపప్పు గింజంత కనిపిస్తుంది. నేను తెలివిగా ఫోల్డర్ బొమ్మ మీద తెలుగు అక్షరం వేశా, ప్రూఫ్‌కి "ప", వచ్చిన పనికి "వ", షాంపిల్స్‌కి "ష". పెద్దగా ఉన్నప్పుడు ముత్యాల్లా ఉన్నాయి. చిన్నదిగా చేసి చూస్తే మూడూ ఒకటే! ప పొట్టలోని గీత కనబడితే ష, ఆ పక్క కలిస్తే వ, ఆ సైజులో గీతా లేదు, కలవడమూ లేదు, ఏదో తెల్లటి మరక. పదహారు చుక్కల వెడల్పులో మన అక్షరాలు నిలవవు. అంకె వేసుకో, లావుగా, తెల్లగా. 1, 2, 3, 4. అంకెలు నిలుస్తాయి.

అంకె వెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా షాపులో ఒక కుర్రాడు చేరాడు, డిజైన్ పని బాగా చేస్తాడు, మాట తప్పడు, కానీ ఎర్ర గూట్లోది తియ్యమంటే ఆకుపచ్చ గూట్లోది తీసేవాడు. రెండు మూడుసార్లు అరిచా కూడా. ఒకరోజు వాడే మెల్లిగా చెప్పాడు, అన్నా నాకు ఆ రెండూ ఒకేలాగ, ఎండిన ఆకు రంగులా కనిపిస్తాయి అని. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు మగవాళ్ళలో అంత అరుదేం కాదు, చాలామంది బయటికి చెప్పరు. ఆ రోజు నాకు సిగ్గేసింది. అప్పట్నుంచి ఎరుపు, నీలం, పసుపు, ముదురు బూడిద, వాటి మీద అంకె. మీ సార్‌కి కూడా రంగులు సరిగ్గా కనిపిస్తాయో లేదో నీకేం తెలుసు.

ఇక లోపల జరిగేది ఏంటో కొంచెం తెలుసుకో, లేకపోతే రంగు పోయినప్పుడు దిక్కు తోచదు. నువ్వు ఐకాన్ మార్చగానే విండోస్ ఆ ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న దాచిన ఫైలు పెడుతుంది. బొమ్మ ఎక్కడుందో దాని దారి అందులో రాసి ఉంటుంది. ఆ ఫైలుని చదవాలీ అని గుర్తుగా ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ అనే లక్షణం తగిలిస్తుంది. రీడ్ ఓన్లీ అంటే ఆ ఫోల్డర్లో ఏమీ రాయకూడదని కాదు, ఫోల్డర్ల విషయంలో అది ఇట్లాంటి గుర్తు మాత్రమే. ఈ మూడింట్లో, అంటే బొమ్మ, ఐఎన్ఐ ఫైలు, ఆ గుర్తు, ఏది పోయినా ఫోల్డర్ మళ్ళీ పసుపే.

వాటిలో రెండు ఒకేసారి ఎట్లా పోగొట్టుకోవచ్చో నన్నడుగు. పెన్‌డ్రైవ్‌ల షార్ట్‌కట్ వైరస్ ఊరంతా తిరిగిన కాలం గుర్తుందా, పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కనిపించేవి. దానికి అప్పట్లో ప్రతి నెట్ సెంటర్‌లో ఒక చీటీ మీద రాసి గోడకి అంటించుకున్న మందు ఉండేది, అట్రిబ్ కమాండ్, అన్ని లక్షణాలూ ఊడబెరికేది. ఒకతను కస్టమర్ పెన్‌డ్రైవ్‌కి కొట్టాల్సింది మా డీ డ్రైవ్‌కి కొట్టాడు. గుర్తులన్నీ పోయాయి. పైగా దాచిన ఐఎన్ఐ ఫైళ్ళన్నీ ప్రతి ఫోల్డర్లో బయటపడ్డాయి. అవేమిటో తెలియక అవే వైరస్ అనుకుని అన్నీ వెతికి మరీ డిలీట్ చేశాడు. పాపం చాలా శ్రద్ధగా చేశాడు. డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ దానంతటది వైరస్ కాదు, కనిపిస్తే కొట్టెయ్యకండి, ఇది అందరికీ చెప్తున్నా.

వైరస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఫోల్డర్ బొమ్మ వేసుకుని వచ్చే ఈఎక్స్ఈ ఫైళ్ళు ఉంటాయి, ఫోల్డర్ అనుకుని డబుల్ క్లిక్ కొడితే అంతే సంగతులు. క్లయింట్ల పెన్‌డ్రైవ్‌లు తెచ్చి పెట్టే ఆఫీసు మీది. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి ఉంచు, నిజం ఫోల్డర్ పేరు చివర ఈఎక్స్ఈ అని ఉండదు.

మీ ఆఫీసులో రెండు మూడు సిస్టమ్‌లు నెట్‌వర్క్‌లో ఉన్నాయన్నావు కదా. నువ్వు నీ డీ డ్రైవ్‌లోని బొమ్మ పెడితే ఐఎన్ఐలో ఆ దారే ఉంటుంది, సార్ సిస్టమ్ తన డీ డ్రైవ్‌లో వెతుకుతుంది, దొరకదు, ఆయనకి పసుపే కనిపిస్తుంది. అందుకని ఐకో ఫైలుని ఆ రంగు ఫోల్డర్ లోపలే పెట్టు. పెట్టి, ఐఎన్ఐ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు, ఐకాన్ రిసోర్స్ అన్న వరుసలో డ్రైవ్ అక్షరంతో పూర్తి దారి ఉంటే అదంతా తీసేసి ఉత్త ఫైలు పేరు ఉంచు. అప్పుడు ఏ సిస్టమ్ నుంచి చూసినా రంగు కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసినా చాలావరకు నిలుస్తుంది. జిప్ చేసి పంపితే మాత్రం ఆశ పెట్టుకోకు. మార్చిన వెంటనే రంగు రాకపోతే ఎఫ్5 కొట్టు, అయినా రాకపోతే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చెయ్యి, పాత బొమ్మలు అది గుర్తుపెట్టుకుని ఉంటుంది.

అదే ఐఎన్ఐ ఫైల్లో ఇన్ఫోటిప్ అని ఒక వరుస కూడా చేర్చుకోవచ్చు, ఫోల్డర్ మీద మౌస్ పెడితే ఆ మాట చిన్న డబ్బాలో కనిపిస్తుంది. "సార్ సంతకం కావాలి" లాంటివి. తెలుగులో రాస్తే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 అని పెట్టు, లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. ఇది చాలామందికి తెలియదు, నాకూ ఒక పూట పట్టింది.

హెచ్చరిక బొమ్మల సంగతి. క్లయింటు ఫోల్డర్లకే బొమ్మ పెట్టే సందర్భం ఒకటుంది, చెయ్యి ఆగాలి అనుకున్న చోట. మాకు అది 2022లో వచ్చింది. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి తిరుపతి వేరే జిల్లా అయింది కదా, అప్పటిదాకా మేం కొట్టిన లెటర్‌హెడ్లు, బిల్ బుక్కులన్నిటి మీదా చిత్తూరు జిల్లా అనే ఉంది. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి కస్టమర్లందరూ మార్చమని వచ్చారు. మార్చినవి కొత్త ఫోల్డర్లో పెట్టాం, పాతవి తీసెయ్యలేదు, ఎందుకంటే పలమనేరు, కుప్పం వాళ్ళకి చిత్తూరు జిల్లానే. రెండోసారి ఒక కస్టమర్‌కి పాత జిల్లాతో బిల్ బుక్కులు ప్రింటయ్యాక ఇక లాభం లేదని, పాత ఫోల్డర్లకి బూడిద రంగు మీద అడ్డగీత బొమ్మ పెట్టా. తెరవబోతే కన్ను పట్టేస్తుంది. నీకైతే డిపార్ట్‌మెంట్ నుంచి నోటీసు వచ్చిన క్లయింట్లు, ఇమేజ్‌రెస్‌లో ఉన్న హెచ్చరిక బొమ్మ పెట్టుకో. ఏ సమయంలోనూ పదికి మించనివ్వకు. నోటీసుకి జవాబు ఇచ్చేశాక బొమ్మ తీసెయ్యడం మర్చిపోవద్దు, తీయకపోతే రెండు నెలల్లో ఆ బొమ్మని ఎవరూ పట్టించుకోరు.

ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా అని కూడా అడిగావు. విండోస్‌కి ఏ ఇబ్బందీ లేదు. పాత సాఫ్ట్‌వేర్లకే ఇబ్బంది, మా పేజ్‌మేకర్ లాంటివి తెలుగు పేరున్న ఫోల్డర్లోని ఫైలు తెరవమంటే మొరాయిస్తాయి. మీ రిటర్నుల సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఫోల్డర్ మీద ప్రయత్నించి చూసి అప్పుడు మొత్తం మార్చు. డీటీపీ వాళ్ళం వాడే అను ఫాంటు కీబోర్డుతో మాత్రం పేరు కొట్టకు, అది యూనికోడ్ కాదు, ఫోల్డర్ పేరులో ఏవో ఇంగ్లీషు అక్షరాల ముద్ద వస్తుంది. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, అది పెట్టుకో. పేరులో ఎమోజీ పెడితే ఎట్లుంటుందని కొందరు అడుగుతారు, పేరులో భాగం కాబట్టి ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది, ఆ లాభం ఉంది, కానీ నా విండోస్ 10లో రంగు లేకుండా ఉత్త గీతల్లా కనిపిస్తున్నాయి, అందుకే వాడను.

మ్యాక్ వాడేవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ, 2013 నుంచే ఏడు రంగుల ట్యాగులు ఉన్నాయి, 2025లో వచ్చిన టాహో వెర్షన్‌లో అయితే ఫోల్డర్‌కే రంగు, దాని మీద గుర్తో ఎమోజీనో పెట్టుకోవచ్చు. లినక్స్ మింట్‌లో రైట్ క్లిక్‌లోనే రంగులుంటాయి. గూగుల్ డ్రైవ్‌లో కూడా అంతే, రైట్ క్లిక్ చేసి ఆర్గనైజ్‌లో చూడండి.

ఇప్పుడు నువ్వు ఏం చేస్తావంటే, ఒక ఆదివారం సార్‌ని అడిగి ముందు మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ తీసుకో. తర్వాత పేర్లు మార్చు. అన్నీ ఒకేసారి వద్దు, ముందు "శ్రీ"వి మార్చు, ఎక్సెల్ లింకులేమైనా తెగాయేమో చూసుకుంటూ. పేర్లు మారిన వారం తర్వాతే గూళ్ళు, రంగులు. ఆ నాలుగు ఐకో ఫైళ్ళు చేసుకోవడం రాకపోతే ఇక్కడే చెప్పు, మావి పంపిస్తా, 16 పిక్సెళ్ళలో కూడా అంకె కనిపించేటట్టు చేసినవే. మీ ఆఫీసులో ఇంకా విండోస్ 7 ఉంటే అది కూడా చెప్పు.